మొలుంగ్‌కిమొంగ్ సంఘానికి నూట యాభై ఏళ్లు దాటాయి: ఫలకం మీద ఎవరి పేర్లు ఉండాలి?



మన ఊళ్లలో గుడి గానీ, చర్చి గానీ, బడి గానీ, యువజన సంఘం గానీ, ఏదైనా పాతికేళ్లో యాభై ఏళ్లో నిండితే జరిగే తంతు మనందరికీ తెలిసిందే. షామియానా వేస్తారు, మైకు పెడతారు, భోజనాలు పెడతారు, ఒక శిలాఫలకం నిలబెడతారు. ఆ ఫలకం మీద ముఖ్య అతిథి పేరు పైన, దాత పేరు దాని కింద, బయటి నుంచి వచ్చి స్థాపించిన పెద్దాయన పేరు ఇంకాస్త పెద్ద అక్షరాల్లో ఉంటాయి. మొదటి రోజు అడవికి పోయి వెదురు నరికి మోసుకొచ్చిన వాళ్ల పేర్లు మాత్రం ఉండవు. వాళ్లలో మిగిలిన ముసలివాళ్లు ఆ రోజు వెనక వరసలో కూర్చుని ఉంటారు.

ఈ పోస్టులో మనం ఒక పెద్ద వార్షికోత్సవం గురించి మాట్లాడుకుందాం. అది మన జిల్లాలది కాదు. ఈశాన్యంలో నాగాలాండ్‌లో, ఆవో నాగాల కొండ మీది ఊరు మొలుంగ్‌కిమొంగ్‌ది. నాగా కొండల్లో మొట్టమొదటి బాప్టిస్టు సంఘం 1872 డిసెంబర్‌లో ఆ ఊళ్లోనే ఏర్పడింది. 2022తో దానికి 150 ఏళ్లు నిండాయి. ఇరవై నాలుగు మందితో మొదలైన ఆ సంఘం వెనకాలే ఒక రాష్ట్రం మొత్తం నడిచింది. 2011 జనాభా లెక్కల్లో నాగాలాండ్ జనంలో 87.93 శాతం మంది క్రైస్తవులు, అందులో ఎక్కువమంది బాప్టిస్టులు.

ముందే ఒక మాట. మన గ్రూపులో పెన్‌లను కొలిచేవాళ్లున్నారు, చర్చికి పోయేవాళ్లున్నారు, గుడికి పోయేవాళ్లున్నారు, దేనికీ పోనివాళ్లూ ఉన్నారు. ఏ మతం మంచిది, ఏది కాదు అని చెప్పడానికి ఈ పోస్టు రాయలేదు. ఒక ఆదివాసీ ఊరికి బయటి నుంచి ఒక కొత్త విషయం వచ్చినప్పుడు దాన్ని నిజంగా మోసింది ఎవరు, దాంతో ఏం వచ్చింది, ఏం పోయింది అని లెక్క చూసుకోవడానికి రాస్తున్నాం. ఆ లెక్క మనకూ అవసరమే కదా.

కథ కొంచెం వెనక నుంచి మొదలుపెడదాం. అమెరికా బాప్టిస్టులు నాగాల దగ్గరికి వెళ్లడం 1872లో మొదటిసారి కాదు. 1839లోనే మైల్స్ బ్రాన్సన్ అనే మిషనరీ నామ్‌సాంగ్ అనే ఊరికి వెళ్లాడు. అది ఇప్పుడు అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంది. అక్కడి భాషలో చిన్న పుస్తకాలు తయారు చేసే పని మొదలుపెట్టాడు. జబ్బులు పట్టుకున్నాయి, తోడుగా వచ్చిన చెల్లెలు చనిపోయింది, కొద్దికాలానికే ఆ పని ఆగిపోయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ల పాటు కొండల్లో పెద్దగా కదలిక లేదు.

1869లో ఎడ్వర్డ్ వింటర్ క్లార్క్, ఆయన భార్య మేరీ మీడ్ క్లార్క్ అస్సాంలోని శివసాగర్‌కు వచ్చారు. క్లార్క్‌ను పంపింది అక్కడి మిషన్ అచ్చు యంత్రం చూసుకోవడానికి. శివసాగర్ నుంచి చూస్తే దూరంగా నీలంగా నాగా కొండలు కనపడతాయి. కానీ ఆ కొండలు అప్పటికి బ్రిటిష్ పాలన కింద లేవు. తెల్లవాడు తోచినట్టు ఎక్కి వెళ్లే చోటు కాదు అది.

మరి దారి ఎలా దొరికింది? సంతలో దొరికింది. కొండ మీది నాగాలు పత్తి, తమలపాకులు లాంటి సరుకు మోసుకుని మైదానానికి దిగేవాళ్లు. ఉప్పు, ఇనుము తీసుకుని తిరిగి ఎక్కేవాళ్లు. మన దగ్గర చింతపండు, అడ్డాకులు, చీపుర్లు దిగి, ఉప్పు, ఎండుచేపలు ఎక్కినట్టే. మన సంతల్లో కూడా సరుకుతో పాటు మాటలు మారతాయి, కబుర్లు మారతాయి, ఒక భాష వాడు ఇంకో భాష నేర్చుకుంటాడు. అలా మైదానంతో పరిచయం ఉన్న ఒక ఆవో మనిషి పేరు సుపొంగ్‌మెరెన్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

రెండో పేరు గోధులా. పూర్తి పేరు గోధులా రూఫస్ బ్రౌన్. ఈయన నాగా కాదు, అమెరికన్ కూడా కాదు. అస్సామీ క్రైస్తవుడు, శివసాగర్ మిషన్‌లో పనిచేసేవాడు. కొండల మీదికి నేను పోతాను అని ముందుకొచ్చింది ఈయనే. పోయే ముందు సుపొంగ్‌మెరెన్ దగ్గర ఆవో భాష నేర్చుకున్నాడు. అంటే ఈ కథలో మొదటి గురువు ఒక ఆదివాసీ. క్లార్క్ ఇంకా మైదానంలో ఉండగానే ఒక ఆవో మనిషి తన భాషను ఒక పరాయివాడికి నేర్పాడు.

1871 అక్టోబర్‌లో గోధులా మొలుంగ్‌కిమొంగ్ ఎక్కాడు. మైదానం వాళ్లు ఆ ఊరిని దేఖా హైమోంగ్ అనేవాళ్లు. ఊరివాళ్లు ఆయన్ని నమ్మలేదు. ఇంగ్లీషు వాళ్ల గూఢచారి అయ్యుంటాడని అనుమానపడి ఒక గుడిసెలో ఉంచి కాపలా పెట్టారు. ఆ అనుమానంలో తప్పేముంది చెప్పండి? మన్యంలో ముఠాదారుల వెనక, అటవీ శాఖ వాళ్ల వెనక, సర్వే గొలుసుల వెనక ఏమొచ్చిందో మన తాతలకు తెలుసు. కొండ మీదికి వచ్చే కొత్త మనిషిని ముందు అనుమానించడం తెలివితక్కువతనం కాదు, అనుభవం.

గోధులా ఆ గుడిసెలో కూర్చుని పాటలు పాడాడని మేరీ క్లార్క్ తర్వాత రాసింది. పాట వినడానికి ముందు పిల్లలు, ఆ వెనక పెద్దవాళ్లు మెల్లగా చేరారు. వినగా వినగా అనుమానం తగ్గింది. ఆయన ఆ చలికాలమంతా అటూ ఇటూ తిరుగుతూ ఊరివాళ్లతో మాట్లాడాడు, వాళ్ల తిండి తిన్నాడు. 1872 వేసవి మొదట్లో మైదానానికి దిగుతుంటే ఊరివాళ్లే వెంట వచ్చి దింపారు. వర్షాలయ్యాక మళ్లీ ఎక్కాడు. ఆయన భార్య లూసీ కూడా ఈ పనిలో తోడు ఉంది. పెద్ద పుస్తకాల్లో లూసీకి దక్కింది ఒకటి రెండు వాక్యాలే.

1872 నవంబర్‌లో తొమ్మిది మంది ఆవో నాగాలు గోధులాతో కలిసి శివసాగర్ దిగారు. దిఖౌ నదిలో బాప్తిస్మం తీసుకున్నారు. తిరిగి తమ ఊరికి వెళ్లిపోయారు. డిసెంబర్‌లో క్లార్క్ మొదటిసారి కొండ ఎక్కాడు. అప్పుడు ఇంకో పదిహేను మంది చేరారు. తొమ్మిది, పదిహేను కలిపి ఇరవై నాలుగు. అదీ మొలుంగ్‌కిమొంగ్ సంఘం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ చరిత్రను చాలా చోట్ల ‘క్లార్క్ నాగా కొండలకు సువార్త తెచ్చాడు’ అని ఒక్క వాక్యంలో చెప్పేస్తారు. కానీ పైన రాసింది వరసగా చూడండి. క్లార్క్ కొండ ఎక్కేసరికి భాష నేర్పినవాడు ఉన్నాడు, ప్రాణానికి తెగించి ఎక్కినవాడు ఉన్నాడు, నమ్మినవాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. క్లార్క్ కష్టాన్ని తక్కువ చేయడం లేదు, ఆయన తర్వాత దాదాపు నలభై ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాడు. ఆయన వచ్చిన దారి మాత్రం అప్పటికే వేరేవాళ్లు నడిచి తయారు చేసిన దారి.

ఇదే మిషన్ సంస్థ మన తెలుగు నేల మీద కూడా పనిచేసింది. 1836లో శామ్యూల్ డే తెలుగువాళ్ల కోసం వచ్చాడు, 1840లో నెల్లూరులో కుదురుకున్నాడు. ఏళ్ల తరబడి ఫలితం కనపడక ఆ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చించుకున్నారు. ‘ఒంటి నక్షత్రం’ మిషన్ అని దానికి పేరు కూడా పడింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది. అక్కడ కూడా దారి వేసింది తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్య. ఆయన, భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం తీసుకుని తమ వాళ్ల పల్లెలు తిరిగారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె ప్రపంచమంతా తెలుసు. పేరయ్య, నాగమ్మల పేర్లు ఎంతమందికి తెలుసు? దిఖౌ నది ఒడ్డున తొమ్మిది మంది, గుండ్లకమ్మ ఒడ్డున రెండు వేల పైన. అంకెలు గుర్తుంటాయి, నడిచిన కాళ్లు గుర్తుండవు.

సరే, మొలుంగ్‌కిమొంగ్‌కు వద్దాం. సంఘం ఏర్పడగానే అంతా సాఫీగా జరిగిపోలేదు. ఊళ్లో గొడవ మొదలైంది. ఆవో ఊరు అంటే ఊరంతా కలిసి చేసే పనుల మీద నిలబడిన ఊరు. యుద్ధానికి అందరూ పోవాలి, పండక్కి అందరూ ఇవ్వాలి, పని చేయకూడని కట్టు రోజున అందరూ ఇంటిపట్టున ఉండాలి. ఒక్కరు తప్పినా కీడు ఊరంతటికీ తగులుతుందని నమ్మకం. ఇప్పుడు కొందరు మేము బలులకు ఇవ్వం, తలలు నరకడానికి రాం అంటున్నారు. మిగతావాళ్లకు అది ఊరి ఒప్పందాన్ని తెంచడంలా కనపడింది.

ఈ గొడవ మనకు కొత్తేమీ కాదు. ఊరి పండగ చందా ఇవ్వనన్న ఇంటికి నీళ్ల దగ్గర, శ్మశానం దగ్గర ఇబ్బంది వచ్చిన గూడేలు మనకు తెలుసు. మతం మారినవాళ్లు పాత దేవుణ్ణి దయ్యం అన్నారని అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లూ తెలుసు. రెండు వైపులా నొప్పి ఉంటుంది. ఒక వైపు నొప్పి మాత్రమే చెప్పేవాడు చరిత్ర చెప్పడం లేదు.

1876 మార్చిలో క్లార్క్ ఊళ్లోనే ఉండడానికి కొండ ఎక్కాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఊరు చీలింది. క్రైస్తవులు, వాళ్లతో పోదలచుకున్నవాళ్లు కొంత దూరంలో కొత్త ఊరు కట్టుకున్నారు. దాని పేరు మొలుంగ్‌యిమ్సెన్, అంటే కొత్త మొలుంగ్. ఇళ్లు, పొలాలు, పూర్వీకుల చోటు వదిలి వెళ్లడం ఆదివాసీకి ఎంత పెద్ద విషయమో మనకు వేరే చెప్పక్కర్లేదు. పోలవరం కింద ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాల పిల్లలు మన గ్రూపులోనే ఉన్నారు. తేడా ఏంటంటే ఆ ఆవో కుటుంబాలు తమంతట తామే లేచి పోయాయి. పాత ఊరిలో మిగిలినవాళ్లకు కూడా అది చిన్న నష్టం కాదు, చుట్టాలు పోయారు, యుద్ధానికి పనికొచ్చే చేతులు పోయాయి.

కొత్త ఊరిలో జరిగిన ఒక పని మాత్రం ఈ 150 ఏళ్లలో అన్నిటికన్నా పెద్దదని మాకు అనిపిస్తుంది. 1878లో మేరీ క్లార్క్ కూడా కొండ ఎక్కింది, అక్కడ బడి మొదలైంది. ఆడపిల్లలకు కూడా చదువు చెప్పారు. అప్పటిదాకా రాత లేని ఆవో భాషను రోమన్ అక్షరాల్లో రాశారు. అచ్చు యంత్రం కొండ ఎక్కింది. వాచకం, పాటల పుస్తకం, సువార్తల అనువాదాలు ఆవో భాషలో అచ్చయ్యాయి. 1893లో మేరీ క్లార్క్ ఆవో వ్యాకరణం వచ్చింది. 1911లో క్లార్క్ ఆవో నిఘంటువు వచ్చింది. 1897లో ఆవో సంఘాలన్నీ కలిసి సమాఖ్య పెట్టుకున్నాయి, దానికి పేరు కూడా తమ భాషలోనే పెట్టుకున్నారు: ఆవో బాప్టిస్ట్ అరొగో ముంగ్‌డాంగ్. ఆవోలో అరొగో అంటే సంఘం.

నిఘంటువు మీద పేరు క్లార్క్‌ది. కానీ ఒక్కసారి ఊహించండి. వేల మాటలు, ఒక్కో మాటకు అర్థం, ఏ సందర్భంలో ఏది వాడాలి, ఇవన్నీ ఎవరు చెప్పారు? పొలం నుంచి వచ్చి కూర్చుని, కాదు కాదు ఆ మాట అలా పలకకూడదు అని దిద్దిన ఆవో ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు. పుస్తకంలో ఉన్న ప్రతి మాట వాళ్ల నోటి నుంచి వచ్చిందే.

మన దగ్గర కూడా అంతే. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తపించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఆయనకు మనం ఎంత రుణపడి ఉన్నా తక్కువే. అయితే ఆయనకు సవర నేర్పిన సవర మనుషులకూ అంతే రుణపడి ఉన్నాం.

రాత వచ్చిందంటే అంతా మంచే జరిగింది అనుకోవద్దు. ఆవో భాషలో ప్రధానంగా రెండు మాండలికాలున్నాయి: చుంగ్లీ, మొంగ్సెన్. మొలుంగ్ ఊళ్లో మాట్లాడేది చుంగ్లీ. పుస్తకాలు ముందు అందులో వచ్చాయి కాబట్టి అదే ఆవోల ఉమ్మడి రాతభాష అయిపోయింది. మొంగ్సెన్ ఇంట్లో పుట్టిన పిల్లలు ప్రార్థనకూ చదువుకూ చుంగ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఏ ఊళ్లో ముందు బడి పెట్టారన్న దాన్ని బట్టి ఎవరి మాట పుస్తకం ఎక్కుతుందో తేలిపోతుంది. ఇప్పుడు గోండీకి ఏ యాస ప్రామాణికం, ఏ లిపి వాడాలి అని మనం వాదించుకుంటున్నాం కదా. మంగళ్ సింగ్ మసారం తయారు చేసిన లిపి ఉంది, ఆదిలాబాద్ గుంజాల ఊళ్లో చేతిరాత ప్రతులతో బయటపడిన లిపి ఉంది, తెలుగు అక్షరాల్లో రాసేవాళ్లు, దేవనాగరిలో రాసేవాళ్లు ఉన్నారు. ఆవోల అనుభవం చెప్పేది ఒకటే: ముందు కూర్చుని అన్ని ఊళ్ల వాళ్లతో మాట్లాడండి, లేకపోతే ముందు అచ్చయిన యాసే గెలుస్తుంది.

ఇక పోయినవాటి లెక్క. ఆవో ఊళ్లో అరిజు ఉండేది. పెళ్లికాని యువకులు కలిసి పడుకునే, పని నేర్చుకునే, కథలు వినే ఇల్లు. బస్తర్ గోండుల ఘోటుల్ తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. సంఘంలో చేరినవాళ్లు అరిజుకు దూరమయ్యారు. బియ్యంతో చేసే కల్లు మానాలన్నారు, తాగితే సంఘం నుంచి తీసేశారు. పాత పాటలు, నాట్యాలు, పెద్ద విందులు అన్నీ పాత మతంతో ముడిపడినవేనని పక్కన పెట్టించారు. తలలు నరకడం ఆగిపోయింది, అది ఆగినందుకు ఎవరూ బాధపడరు. కానీ దాంతో పాటు ఆగిపోనక్కర్లేనివి కూడా ఆగాయి.

ఈ మాట మేము కొత్తగా అంటున్నది కాదు. మొకోక్‌చుంగ్‌లో అధికారిగా పనిచేసిన జె. పి. మిల్స్ 1926లో ఆవోల మీద రాసిన పుస్తకంలోనే మిషన్‌ను గట్టిగా విమర్శించాడు. 1936-37లో నాగా కొండల్లో తిరిగిన ఇంకొక ఆయన కూడా ఆ విమర్శ చేశాడు. ఆయన పేరు చెబితే ఆదిలాబాద్ తమ్ముళ్లు చెల్లెళ్లు లేచి కూర్చుంటారు: క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. అవును, మన మార్లవాయి హైమెన్‌డార్ఫే. నాగాల దగ్గర పనిచేశాకే ఆయన హైదరాబాద్ సంస్థానానికి వచ్చాడు. చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య తిరిగాడు. 1940ల్లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ, గోండీ వాచకాలు మొదలయ్యాయి. బడి అవసరమే, కానీ బడి కోసం పిల్లవాడు తన ఇంటినీ భాషనూ వదలక్కర్లేదు అన్న ఆలోచన ఆ పనిలో ఉంది.

విమర్శించినవాళ్లూ బయటివాళ్లేనని మరిచిపోవద్దు. మీ సంస్కృతి ఇలాగే ఉండాలి అని చెప్పే హక్కు మిషనరీకి లేనట్టే అధికారికీ, పరిశోధకుడికీ లేదు. ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చాల్సింది ఆ ఊరు. నాగాలు అదే చేశారు, చేస్తున్నారు. ఇప్పుడు మే నెలలో మొఅత్సు, ఆగస్టులో త్సుంగ్రెమ్మొంగ్ పండగలను ఆవోలు గర్వంగా జరుపుకుంటారు. ఆదివారం చర్చికి వచ్చేవాళ్లలో తమ తెగ శాలువా కప్పుకున్నవాళ్లు కనపడతారు. ఒకప్పుడు ఒకదానికొకటి పడదు అన్నవి ఇప్పుడు ఒకే భుజం మీద ఉన్నాయి.

సంఘం నాగాలది ఎప్పుడు అయింది? మిషనరీలు వెళ్లిపోయాక అయింది. 1950ల మధ్యకల్లా అమెరికన్ మిషనరీలు నాగా కొండలు విడిచి వెళ్లాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే కొండల్లో సైన్యానికీ సాయుధ నాగాలకూ పోరు మొదలైంది. ఊళ్లు కాలిపోయాయి, జనాన్ని ఊళ్లు ఖాళీ చేయించి ఒక్కచోట కంచె లోపల పెట్టారు. 1958లో సైన్యానికి ప్రత్యేక అధికారాలిచ్చే చట్టం వచ్చింది. ఆ రోజుల్లో సంఘాన్ని నిలబెట్టింది జీతం, జీపు ఉన్న మిషనరీ కాదు. పాటలు నోటికి వచ్చిన ముసలమ్మలు, అడవిలో దాక్కుని కూడా ప్రార్థన నడిపిన పెద్దలు. పాత సభ్యులు అని మనం గౌరవంగా అంటామే, ఆ మాటకు అసలు అర్థం అలాంటివాళ్లు.

1964 మొదట్లో నాగాలాండ్ బాప్టిస్టు సంఘాల మండలి వోఖాలో సమావేశమై శాంతి బృందం కావాలని కోరింది. జయప్రకాశ్ నారాయణ్, అస్సాం ముఖ్యమంత్రి బిమలా ప్రసాద్ చాలిహా, మైకేల్ స్కాట్ ఆ బృందంలో ఉన్నారు. 1964 సెప్టెంబర్ 6న కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. ఆవో తెగకే చెందిన పాస్టర్ లాంగ్రి ఆవో ఆ ఏళ్లలోనూ, 1975 షిల్లాంగ్ ఒప్పందం నాటికీ రెండు వైపులా నడుస్తూ మాట్లాడించాడు. ఆ శాంతి పూర్తిగా నిలవలేదు, షిల్లాంగ్ ఒప్పందం మీద నాగాల్లోనే ఇప్పటికీ తగాదా ఉంది. అయినా తుపాకుల మధ్య నిలబడి మాట్లాడుకోండి అని చెప్పడానికి ఒక సంఘం ఉండడం చిన్న విషయం కాదు. తలలు నరకం అని 1872లో చెప్పినవాళ్ల మనవలు తొంభై ఏళ్ల తర్వాత కాల్పులు ఆపండి అన్నారు.

1972లో నూరేళ్ల పండగ కోహిమాలో జరిగింది. అమెరికా నుంచి బిల్లీ గ్రాహం వచ్చాడు, లక్ష మందికి పైగా జనం వచ్చారని చెబుతారు. ఆ పండగ గురించి ఇప్పుడు ఎవరు రాసినా ముందు ఆయన పేరే రాస్తారు. మళ్లీ అదే కదా. లక్ష మంది కొండలు దిగి నడిచి వస్తే గుర్తున్నది వేదిక మీది ఒక్క మనిషి.

ఆడవాళ్ల మాట కూడా చెప్పుకోవాలి. 1878 నుంచి ఆ కొండల్లో ఆడపిల్లలు చదువుతున్నారు. 2011లో నాగాలాండ్ అక్షరాస్యత 79.55 శాతం. దేశం మొత్తం మీద షెడ్యూల్డ్ తెగల అక్షరాస్యత అప్పుడు దాదాపు 59 శాతమే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మన తెగలది 49 శాతం దగ్గర ఉంది. అంత చదువున్న చోట కూడా 1963లో రాష్ట్రం ఏర్పడ్డాక శాసనసభకు మొదటి మహిళలు గెలవడానికి 2023 దాకా పట్టింది. ఆ ఏడాది ఇద్దరు గెలిచారు. ప్రార్థనకు ముందుండేది వాళ్లే, వంటకు ముందుండేది వాళ్లే, నిర్ణయాల దగ్గర మాత్రం వెనక వరస. ఇది ఒక్క నాగాల సంగతి కాదు, మన సంఘాల మీటింగుల్లో కుర్చీలు ఎవరికి వేస్తామో మనమే చూసుకుందాం.

ఇంత దూరం చదివిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇప్పుడు మన పని చెప్తాం. మన ఊళ్లలో కూడా వార్షికోత్సవాలు వస్తున్నాయి. ఆశ్రమ పాఠశాలకు యాభై ఏళ్లు, చర్చికి అరవై ఏళ్లు, గిరిజన సంఘానికి పాతికేళ్లు, ఇలా ఏదో ఒకటి. ఈసారి షామియానా లెక్కతో పాటు ఒక నోటుబుక్కు కూడా కొనండి. పండగకు ఆరు నెలల ముందే మొదలుపెట్టండి.

ఊళ్లో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. అవ్వలను ముందు అడగండి, ఎందుకంటే తాతలు తమ గురించి ఎలాగూ చెప్పుకుంటారు. మొదటి గుడిసె వెదురు ఎవరి అడవి నుంచి వచ్చింది? స్థలం ఎవరిచ్చారు? మొదటి టీచరుకు, మొదటి పాస్టరుకు, మొదటి సంఘం నాయకుడికి అన్నం ఏ ఇంట్లో పెట్టారు? మన భాష వాళ్లకు నేర్పింది ఎవరు? వద్దని ఎదిరించింది ఎవరు, ఎందుకు? ఎదిరించినవాళ్ల పేర్లు కూడా రాయండి, వాళ్లకూ కారణం ఉండే ఉంటుంది. అప్పుడు పాడిన పాటలేవి, ఇప్పుడు పాడనివి ఏవి? చెప్పింది చెప్పినట్టు వాళ్ల భాషలోనే రాయండి: గోండీ అయితే గోండీ, కోయ అయితే కోయ, కువి అయితే కువి, సవర అయితే సవర. తెలుగు అనువాదం తర్వాత చేసుకోవచ్చు. ఫోనులో గొంతు రికార్డు చేసి పెట్టుకోండి. చెప్పినవాళ్ల అనుమతి అడిగి, చదివి వినిపించి, వాళ్లు సరే అన్నాకే బయట పెట్టండి.

ఇది ఎందుకింత తొందరగా చేయాలంటే పెద్దవాళ్లు ఆగరు. ఒక వర్షాకాలం అవ్వ ఉంటుంది, వచ్చే వర్షాకాలం ఉండకపోవచ్చు. ఆవె పోతే ఆ ఊరి మొదటి పాతికేళ్లు ఆవెతోనే పోతాయి. మిగిలేది ఫలకం మీది పేర్లే.

మొలుంగ్‌కిమొంగ్ కథలో సుపొంగ్‌మెరెన్ పేరు ఎవరో ఒకరు రాసిపెట్టబట్టి ఇవాళ ఇంత దూరంలో, ఇంకో భాషలో, మనం చెప్పుకోగలుగుతున్నాం. మన ఊళ్ల సుపొంగ్‌మెరెన్‌లు, మన లూసీలు, మన నాగమ్మలు ఎవరో మనమే రాయాలి. రాసినవాళ్లు ఈ గ్రూపులో పెట్టండి, ఊరి పేరుతో సహా. అన్నీ కలిపి ఒక చోట దాచి పెడదాం.